తొమ్మిదో ఫ్రేమ్ దగ్గర పీకేసిన పోగు

పన్నెండేళ్ల కిందట, ఆని అనే అరవ నెల మొదటి సోమవారం నాడు, కోయంబత్తూరులో పోదనూరు దారి మీద ఉన్న ఒక నూలు మిల్లులో నన్ను రింగ్ ఫ్రేమ్ డిపార్ట్‌మెంట్‌కు మొదటి షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా వేశారు. అప్పటికి అదే మిల్లులో పదిహేడేళ్లు మేస్త్రిగా పనిచేశాను. దానికి ముందు నేల ఊడ్చాను, కండెలు దించాను, పోగులు అతికాను. బడికి పోనివాడు సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చోవడం ఆ మిల్లులో అదే మొదలు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు అంటే అబద్ధం. గొప్పకే చెబుతున్నాను.

నూలు మిల్లు చూడనివారికి రెండు మాటలు. దూదిని శుభ్రం చేసి, దువ్వి, చివరికి పురికొస లావు మెత్తటి పోగుగా చేస్తారు. దాన్ని రోవింగ్ అంటారు. రింగ్ ఫ్రేమ్ ఆ రోవింగ్‌ను రోలర్ల మధ్య సన్నగా లాగి, మెలిపెట్టి, నూలు చేసి కండెకు చుడుతుంది. ఒక్కో ఫ్రేమ్‌కు వందల కండెలు. పోగు తెగితే అతకడానికి ఒక మనిషి వరుస వెంబడి నడుస్తూనే ఉండాలి. ఆ మనిషిని సైడర్ అంటాము. మా షిఫ్ట్‌లో సైడర్లు అందరూ ఆడవాళ్లే. సైడర్ల మీద మేస్త్రి, మేస్త్రి మీద సూపర్‌వైజర్, ఆయన మీద స్పిన్నింగ్ మాస్టర్, అందరి మీద మేనేజరు.

కుర్చీ దొరికిన మొదటి వారంలో కొత్త అధికారి ఏదో ఒకటి మార్చి చూపించాలనుకుంటాడు. నేనూ అంతే. దారిలో అడ్డంగా పడి ఉండే ఖాళీ కండెల పెట్టెలను పడమటి గోడ వెంబడి మనిషి ఎత్తున పేర్పించాను. దారి నున్నగా కనబడింది. మేనేజరు చూసి తలాడించారు. నేను మీసం తడుముకున్నాను.

జూలై నడుమ ఆడి నెల వచ్చింది. పాలక్కాడు కనుమలోంచి మా ఊరి మీదికి తడిగాలి తోసుకొచ్చే కాలం అది. తొమ్మిది, పది, పదకొండు నంబర్ల ఫ్రేముల్లో పోగులు తెగడం ఎక్కువైంది. తెగిన చోటల్లా దూది పీచు రోలర్‌ను అంటుకుని పట్టీలాగా చుట్టుకుంటుంది. దీన్ని లాపింగ్ అంటాము. కొక్కెంతో గీకి తీసి, మళ్లీ పోగు అతకాలి. గాలిలో తేమ ఎక్కువైతే లాపింగ్ వస్తుందని నాకు తెలియకపోలేదు. కానీ తేమ కొలిచే గడియారం హాలు మధ్యలో ఉండేది. అక్కడ ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. అందుచేత మనుషుల మీదే తప్పు అనుకున్నాము. గడియారం ఎదురు మాట్లాడదు కదా, దాన్ని నమ్మడం సులభం.

తొమ్మిదో ఫ్రేమ్ సైడర్ పేరు రామలక్ష్మి. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి పల్లెనుంచి వచ్చి మూడేళ్లయింది. మొగుడు పొల్లాచ్చిలో కొబ్బరి కురిడీల మండీలో మూటలు మోసేవాడు, వారానికి ఒకసారి వచ్చేవాడు. ఆమె, కూతురు మిల్లువాళ్లు వరుసగా కట్టించిన లైన్ ఇంట్లో ఉండేవారు. ఉద్యోగం ఉన్నంతవరకే లైన్ ఇల్లు. ఉద్యోగం పోతే వారంలో తాళంచెవి ఇచ్చేయాలి. ఆమె రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, పడమటి పక్క ఏదో గాలి ఉందని అరవంలో చెప్పింది. రెండుసార్లూ నీ పని నువ్వు చూడు అని పంపేశాను.

ఒక బుధవారం పొద్దున రౌండ్‌కు పోయినప్పుడు తొమ్మిదో ఫ్రేమ్ చివర జానెడు రోవింగ్ పోగు ఒకటి తోరణంలాగా ఊగుతూ కనిపించింది. మిషన్ మీద అక్కరలేనిది ఏదీ ఉండకూడదని నా రూలు. చటుక్కున పీకి జేబులో పెట్టుకున్నాను. నా వెనక ఫిట్టర్ గోవిందు ఉన్నాడు. మా వీధివాడే, నన్ను మామా అంటాడు. నవ్వుతూ తెలుగులో అన్నాడు: "ఏం మామా, ఈమె మిషన్ నడుపుతుందా, మిషన్‌కు జడేసి పూలు పెడుతుందా?"

నేనూ తెలుగులోనే అన్నాను: "ఎనుములు మేపేదాన్ని తెచ్చి మిషన్ ముందర నిలబెడితే ఇట్లా దా ఉండును. ఈ మొద్దును పంపిస్తే దా ఫ్రేమ్ బాగుపడును."

ఇక్కడ మావాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. మా తాతల తాతలనాటినుంచి ఈ ఊళ్లో ఉన్నాము. బజారులో, మిల్లులో, ఆఫీసులో అరవమే. తెలుగు ఇంట్లో భాష, అందులోనూ అవునుకు 'ఆమా', తానేకు 'దా' అని అరవం దొర్లుతుంది. అందుకని బయట నలుగురి ఎదుట గుట్టు మాట చెప్పాలంటే తెలుగులోకి దిగుతాము. బేరం దగ్గర అంతే, పెళ్లిచూపుల్లో అంతే. తెలుగు మాట్లాడితే తలుపు వేసుకున్నట్టే అని మా నమ్మకం. మేనేజరూ మా తెలుగువారే. ఆయనా నేనూ స్పిన్నింగ్ మాస్టర్ ఎదుటే ఆ మాస్టర్ గురించి తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. ఇంకో సంగతి, రింగ్ ఫ్రేముల రొదలో గుట్టు మాట కూడా అరిచే చెప్పాలి. నేను అరిచే చెప్పాను.

రామలక్ష్మి తల వంచుకుని పోగు అతుకుతూనే ఉంది.

ఆ మరుసటి రోజునుంచి డిపార్ట్‌మెంట్‌లో ఒక వింత మొదలైంది. రూలు ప్రకారం ఒక ఫ్రేమ్‌లో లాపింగ్ నాలుగైదు చోట్ల మించితే సైడర్ చెయ్యెత్తి సూపర్‌వైజర్‌ను పిలవాలి. ఆయన వచ్చి చూసి చెప్పాకే గీకాలి. ఆ రూలును ఎవరూ ఎప్పుడూ పట్టించుకున్నది లేదు. ఎవరి ఫ్రేమ్ వాళ్లే గీకి శుభ్రం చేసుకునేవారు. ఇప్పుడు మాత్రం ఎటు చూసినా లేచిన చేతులే. తొమ్మిదికి పరిగెత్తితే పద్నాలుగులో చెయ్యి. అక్కడికి పోతే మూడులో చెయ్యి. ఏమయింది అంటే, "చూడండి అయ్యా, చెప్పండి అయ్యా" తప్ప ఇంకో మాట లేదు. నిన్నటిదాకా అన్నా అని పిలిచినవాళ్లు అయ్యా అంటున్నారు. తప్పు పట్టడానికి లేదు, అంతా రూలే. నా కాళ్లు వాచిపోయాయి. నూలు మాత్రం రోజు రోజుకూ తగ్గింది.

నేను మేస్త్రిగా ఉన్నప్పుడైతే ఇది ఒక్క రోజులో కనిపెట్టేవాడిని. కుర్చీ ఎక్కాక, మనుషులు ఎందుకు మాట్లాడటం లేదో అడగడం చిన్నతనంగా తోచింది.

తొమ్మిదో రోజు, శుక్రవారం, మధ్యాహ్నం భోజనానికి ముందు మేనేజరు పిలిచారు. స్పిన్నింగ్ మాస్టర్ ఇంగ్లీషులో తయారుచేసిన కాగితం బల్ల మీద ఉంది. కింద నా సంతకానికి జాగా. నేను అరవ అక్షరాలు నేర్చుకున్నదే నలభై దాటాక. ఇంగ్లీషు అసలే రాదు. అయితే ఒక నియమం పెట్టుకున్నాను: చదివి వినిపించని కాగితం మీద సంతకం పెట్టను. గుమాస్తా చదివి అరవంలో చెప్పాడు. తొమ్మిదో ఫ్రేమ్ సైడర్ రామలక్ష్మి అజాగ్రత్త వల్ల నష్టం, ఆమెను తీసేయాలి, లైన్ ఇల్లు ఖాళీ చేయించాలి, మిగతావాళ్లకు అది పాఠం.

నిజం చెబుతాను, కలం చేతిలోకి తీసుకున్నాను. అలా చేస్తే నా కుర్చీ నిలుస్తుంది. కానీ మేస్త్రిగా ఉన్న రోజులనుంచి ఒక అలవాటు ఉంది, ఎవరినైనా పంపేముందు వాళ్ల నోటిమాట ఒకసారి వినడం. ఈమెది నేను వినలేదు. రేపు పొద్దున పెడతానని చెప్పి బయటికి వచ్చాను.

తొమ్మిదో ఫ్రేమ్ దగ్గరికి పోయి అరవంలో అడిగాను, ఏమమ్మా, తెలిసిందేదైనా ఉంటే చెప్పు, ఎందుకు నోరు మూసుకున్నావు అని. గోవిందు పక్కనే రోలర్ విప్పుతున్నాడు. ఆమె చేతిలో పోగు వదలకుండానే తెలుగులో అంది:

"ఎనుములు మేపేదానికి మిషన్ సంగతి ఏం తెలుసునయ్యా?"

గోవిందు లేని స్పానర్ వెతుక్కుంటూ ఫ్రేమ్ కిందికి దూరాడు. నాకు దూరడానికి జాగా లేదు.

"నువ్వు తెలుగామెవా?" అన్నాను. అంతకంటే తెలివైన మాట దొరకలేదు.

"ఆమా. మా కరిసల్, నల్లరేగడి పల్లెలో అందరమూ మనవాళ్లమే. మీరు మిల్లు కాడ ఉండారు, మేము మడక కాడ ఉండాము. మాట ఒకటే దా." పోగు అతికి, కొక్కెం నడుముకు దోపుకుంది. "మా ఇంట ఎనుములు రెండు ఉండె. గాలి ఏ పక్కనుంచి వస్తాదో వాటికీ తెలుసును."

"ఏ పక్కనుంచి?"

"ఆ పోగు ఉండింటే నీకే తెలిసుండును. నీవే దా పీకేస్తివి."

అప్పుడు అర్థమైంది, ఆమె ఆ పోగు కట్టింది గాలి ఎటు వీస్తోందో చూడటానికని. నేను పీకి జేబులో వేసుకున్నది ఎప్పుడో పోయింది. ఆమె తన ఫ్రేమ్‌నుంచి జానెడు తెంపి ఇచ్చింది. అదే చోట కట్టాను. పోగు కిందికి వేలాడాలి కదా, వేలాడలేదు. పడమటి గోడనుంచి మిషన్ వైపుకు అడ్డంగా ఊగింది. పది, పదకొండు దగ్గరా అంతే. పద్నాలుగో ఫ్రేమ్ దగ్గర నిలువుగా వేలాడింది.

గోవిందును కిందనుంచి లాగి, ఇద్దరమూ పడమటి గోడ దగ్గర పేర్చిన పెట్టెలు దించాము. వెనక కిటికీకి రెండు అద్దాలు లేవు. పెట్టెలు ఎత్తేటప్పుడు మూల తగిలి పగిలిపోయాయి. పగిలినవి కనబడకుండా ఆ పెట్టెలే మూసేశాయి. వాటి సందుల్లోంచి ఆడి గాలి సన్నగా, సరిగ్గా రోలర్ల ఎత్తున వస్తోంది. హాలు మధ్యలో గడియారానికి అది అందదు. ఆ మూడు ఫ్రేములకే అందుతుంది. పెట్టెలు అక్కడ పెట్టించింది రామలక్ష్మి కాదు, స్పిన్నింగ్ మాస్టర్ కాదు. నేను.

ఆ సాయంత్రమే కిటికీకి రేకు కొట్టించాను. పెట్టెలు పాత చోటికి పోయాయి.

గోవిందు అన్నాడు: "మామా, రేకు కొట్టేశాము, విషయం అయిపోయె. ఇంగ ఆమెను పక్కకు పిలిచి ఒక మాట చెప్పేయి. అందరి ముందర వంగినావంటే రేపు ఎవరు లెక్క చేస్తారు నిన్ను?"

నేనూ రాత్రి అన్నం తింటూ అదే ఆలోచించాను. కానీ నేను పక్కకు పిలిచి తిట్టలేదు కదా. తొమ్మిదో ఫ్రేమ్ దగ్గర, అరిచి తిట్టాను. ఆమె నోట అది అందరికీ చేరింది, చేతులు లేచింది అందుకే. దిద్దుకోవడం కూడా అదే చోట, అంతే గొంతుతో చేయాలి.

శనివారం పొద్దున షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు అందరినీ తొమ్మిదో ఫ్రేమ్ దగ్గర నిలబెట్టాను. ముందు అరవంలో, తర్వాత తెలుగులో చెప్పాను. ఈమె గురించి నేను అన్న మాట తప్పు. రెండుసార్లు చెప్పినా వినలేదు, అదీ తప్పు. కిటికీ పగిలింది నా వల్ల. ఇంక ఈ డిపార్ట్‌మెంట్‌లో మీకు అర్థం కాని భాషలో మీ గురించి మాట్లాడను. అంతే. దండం పెట్టలేదు, కళ్లు తుడుచుకోలేదు.

అందరిలోకీ పెద్దది, మూడో ఫ్రేమ్ మారియమ్మాళ్, అరవంలో అరిచింది: "సరి అన్నా, చాలు. ఎనుములను విడిచిపెట్టండి, మేతకు పొద్దెక్కుతోంది!"

డిపార్ట్‌మెంట్ అంతా నవ్వింది. రామలక్ష్మి మాత్రం నవ్వలేదు. కొక్కెం తీసుకుని తన వరుసలోకి పోయింది. మళ్లీ అన్నా అనిపించుకున్నానని మాత్రం నేను గమనించాను.

అక్కడనుంచి మేనేజరు గదికి పోయాను. కాగితం అలాగే ఉంది. ఆయన తెలుగులో నెమ్మదిగా అన్నారు, మనవాడివని మేస్త్రి పనిలోనుంచి పైకి తెచ్చాను, ఎవరో ఒక సైడర్ కోసం నీ పేరు చెడగొట్టుకుంటావా అని. స్పిన్నింగ్ మాస్టర్ పక్కనే ఉన్నారు. నేను అరవంలో జవాబు చెప్పాను. "ఈ కాగితంలో నా పేరు కింద మటుకే ఉంది సార్. పైన కూడా నా పేరే ఉండాలి." కిటికీ సంగతి మొత్తం చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. పాత కాగితం చింపి, నాకు మెమో ఇచ్చారు. మెమో అంటే తప్పు చేసినవాడికి మిల్లు రాతమూలకంగా ఇచ్చే హెచ్చరిక, సర్వీసు ఫైలులో చేరుతుంది. నా మొత్తం సర్వీసులో వచ్చిన మెమో అదొక్కటే. నకలు ఇంట్లో ఉంది. మెచ్చుకుంటూ ఇచ్చిన పత్రాలు ఏవో పోయాయి గానీ, ఇది పోనివ్వలేదు.

మూడు ఫ్రేములూ ఆ వారంలోనే దారికొచ్చాయి. లేచిన చేతులు దిగిపోయాయి. నేను రిటైరయ్యే ముందు మేస్త్రి జాగా ఖాళీ అయితే రామలక్ష్మి పేరు రాసి పంపాను. ఆడమనిషి మేస్త్రి ఏమిటని ఆఫీసులో అన్నారు. బడికి పోని సూపర్‌వైజర్ ఏమిటని నన్నూ అన్నారని గుర్తు చేశాను. మా డిపార్ట్‌మెంట్‌కు మొదటి ఆడ మేస్త్రి ఆమే. ఇప్పుడూ అక్కడే ఉంది, నాకంటే గట్టిగా అరుస్తుందని గోవిందు చెబుతాడు.

రిటైరయ్యాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్త సూపర్‌వైజర్లు అప్పుడప్పుడు వచ్చి, మనుషుల చేత పని ఎట్లా చేయించాలి అని అడుగుతారు. పెద్ద చదువు చదివిన పిల్లలు, ఏదో పెద్ద మాట చెబుతానని పుస్తకం తెరుచుకుని కూర్చుంటారు. నాకు తెలిసింది ఇంతే. పనిచేసే మనిషి తన మిషన్‌కు ఏదైనా కట్టుకుని ఉంటే, పీకేముందు ఎందుకు కట్టావని అడగాలి. నేను అడగలేదు. ఆ ఒక్క మాట అడగడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.