బంద్ రోజు తిప్పిన మిషను

మంగళవారం, పొద్దున పదకొండు గంటలు. బంద్ రోజు. కొండాపూర్‌లో కొత్తగూడ వెనక గల్లీలో నా పిండి గిర్ని షట్టర్ మోకాలి ఎత్తు దాకా దించి ఉంది. లోపల మోటారు తిరుగుతోంది. ఆ గడియలో నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. దాన్ని ఇన్నేళ్లు మోశాను. నావి బస్తాలు మోసిన భుజాలు, బరువంటే ఏమిటో తెలుసు. ఇది ఆ రకం బరువు కాదు. దించడానికి ఎవరూ చెయ్యి వేయలేరు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పేదాన్ని కాదు.

అక్షరాలు నేను యాభై దాటాక నేర్చుకున్నాను. గల్లీలో ఆడవాళ్ల సంఘం వాళ్లు మధ్యాహ్నం పూట కూర్చోబెట్టి నేర్పారు. అంతకుముందు ఇది కాగితం మీద పెట్టాలంటే ఇంకొకరితో రాయించాలి, రాయిస్తే వాళ్లకు తెలిసిపోతుంది, అందుకే ఆగాను అని నాకు నేను చెప్పుకున్నాను. రాయడం వచ్చి కూడా చాలా కాలమైంది. మరి అప్పటి నుంచి ఎందుకు ఆగాను? ఆ సాకు చచ్చిపోయినా దాని నీడలోనే కూర్చున్నాను.

నా భర్త పోయాక గిర్ని నా చేతికి వచ్చింది. దాని పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అందులో ఓబులేసు అని కడప వైపు మనిషి కిరాయికి ఉండి వెల్డింగ్ పని చేసుకునేవాడు. గేట్లు, కిటికీ చువ్వలు, నీళ్ల ట్యాంకులకు స్టాండ్లు. నా గిర్ని రాళ్లు అరిగితే గంట్లు కొట్టేదీ, బెల్టు తెగితే మార్చేదీ అతనే. నన్ను అక్కా అనేవాడు. అతని భార్య లక్ష్మీదేవి పండగకు బొబ్బట్లు చేస్తే మొదటి గిన్నె నాకు వచ్చేది.

గల్లీ చివరి అపార్ట్‌మెంట్‌లో రాజేందర్ సారు ఉండేవాడు. వరంగల్ వైపు పిల్లవాడు, హైటెక్ సిటీలో అద్దాల ఆఫీసులో ఉద్యోగం. ఒక రోజు సంచితో బార్లీ తెచ్చాడు. మొలక కట్టించి ఎండబెట్టిన బార్లీ. దాన్ని పట్టిస్తే ఇంట్లోనే బీరు కాస్తాడట.

"కల్లు దొరుకుత లేదా సారూ? ముంత కల్లుతోని పోయేదానికి గింత తిప్పలెందుకు?" అన్నాను. నవ్వాడు. నవ్వుతూనే వివరంగా చెప్పాడు. గింజ పిండి కాకూడదు. రెండు మూడు ముక్కలైతే చాలు. పొట్టు మాత్రం చినగకూడదు, ఎందుకంటే ఉడికించాక ఆ పొట్టే జల్లెడలా నిలబడి రసాన్ని కిందికి వదులుతుంది. పిండి అయిందంటే గిన్నెలో జావ గడ్డకడుతుంది, బొట్టు దిగదు.

గిర్ని పుట్టింది పిండి చేయడానికి. రాళ్ల మధ్య సందు పెంచి చూశాం. సగం పిండి, సగం గింజ గింజలాగే బయటికి వచ్చింది. సారు మొహం చిన్నబోయింది. అంతకుముందు ఇంట్లో మిక్సీలో వేసి ఒకసారి గిన్నెడు పారబోశాడట. ఓబులేసుకు పట్టుదల వచ్చింది. పాత ఇనుము కొట్టు నుంచి చెరుకు రసం బండి రోలర్లు రెండు తెచ్చాడు. వాటి మీది గాడులు లోతుగా ఉన్నాయని బాలానగర్‌లో లేత్ మీద చెక్కించి నున్నగా చేయించాడు. అంత నున్నగా ఉంటే గింజ లోపలికి పోకుండా పైనే జారుతూ కూర్చుంది. మళ్లీ అడ్డంగా సన్నగా గీతలు గీశాడు. మోటారుకు తగిలిస్తే ఎంత జోరుగా తిరిగిందంటే పొట్టంతా బూరుగు దూదిలా ఎగిరింది. అప్పుడు పెద్ద చక్రం వేసి వేగం తగ్గించాడు. రోలర్ల మధ్య సందు ఎంతుండాలో సారు తన ఏటీఎం కార్డు దూర్చి చూపించాడు, ఒక కార్డు పట్టాలి, రెండోది పట్టకూడదు. ముగ్గురం దాని మీద వంగి పోట్లాడుకున్నాం, నవ్వుకున్నాం. చివరికి గింజ పటుక్కున విరిగి పొట్టు పొట్టులాగే పడినప్పుడు ఓబులేసు దోసిట్లోకి తీసుకుని నాకు చూపించాడు. ఆ మిషను నా గిర్నిలోనే ఒక మూల పెట్టుకున్నాం. నెలకు ఒకసారో రెండుసార్లో సారు వచ్చేవాడు. తర్వాత అతని ఆఫీసు స్నేహితులు కూడా రావడం మొదలుపెట్టారు.

అది ఉద్యమం కాలం. రాష్ట్రం కోసం పిల్లలు రోడ్ల మీదే ఉన్నారు. నేను ఉద్యమాన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నేనూ రోడ్డు మీద వంటావార్పులో కూర్చున్నాను, గొంతు పోయేలా అరిచాను. ఆ రోజు పెద్ద గిన్నెలు నిలబెట్టడానికి ఇనుప స్టాండ్లు ఊరికే చేసిచ్చింది ఓబులేసు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయినట్టు నటించాను.

బంద్ అంటే సారు ఆఫీసుకు సెలవు. సెలవు అంటే బీరు కాచే రోజు. పట్టిన బార్లీ నిలవ ఉంటే వాసన పోతుందట, అందుకని కాచే పూటే పట్టాలి. పొద్దున్నే సంచి భుజాన వేసుకుని వెనక తలుపు నుంచి వచ్చాడు. ఓబులేసు షెడ్డు మూసే ఉంది. పిలిస్తే వచ్చాడు, విషయం విని తల అడ్డంగా ఊపాడు.

"వద్దక్కా ఈ పొద్దు. బందు రోజు మిషను తిప్పితే పిల్లోళ్లు ఊరుకోరు."

"షట్టర్ దించుదాం. ఎవరికి ఎరుక?"

"అంతగా కావాలంటే చేత్తో తిప్పుతా. సప్పుడుండదు."

"నీ చేత్తోని తిప్పుతే పొద్దుగూకుతది. మోటరెయ్యి!"

వేశాడు. నేను చెబితే వేశాడు. సారు అప్పటికే సంచి మూతి విప్పుతున్నాడు, అతనికి బార్లీ కావాలి.

సంచి సగం కాకముందే షట్టర్ మీద దెబ్బలు పడ్డాయి. "ఎవర్రా లోపల? లేపుండ్రి షట్టర్!" మోటారు ఆపేశాం. ఆపినా బెల్టు కాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ చప్పుడు ఆగేదాకా ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. సారు సంచి అక్కడే వదిలేసి వెనక తలుపు దగ్గరికి జరిగాడు. షట్టర్ నేనే ఎత్తాను. మహేశ్ ముందున్నాడు. మా గల్లీ పిల్లవాడే, ఉద్యమంలో మా వాడకు పెద్ద. అతని వెనక ఆటో నడిపే శ్రీశైలం, ఇంకా కొందరు. మహేశ్ చిన్నప్పుడు తల్లి జొన్నలు పంపిస్తే నా గిర్నిలో వేడి పిండి బుక్కుతూ నిలబడేవాడు. ఆ రోజు అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దమ్మా, బందు అని చెప్పినమా లేదా? గిర్ని ఎట్ల నడుస్తుంది? ఎవరు తిప్పిండ్రు?"

ఓబులేసు చెయ్యి ఇంకా స్విచ్ పక్కనే ఉంది. భయపడలేదు. నా వైపు చూపించి మామూలుగానే అన్నాడు.

"అక్కనడుగన్నా. ఆయమ్మ చెప్తాది."

అతను నన్ను ఇరికించడానికి ఆ మాట అనలేదు. నేను సర్దిచెబుతానని అన్నాడు. మహేశ్ నా మాట వింటాడని అతనికి తెలుసు. 'నేనే తిప్పించిన బిడ్డా, తప్పైంది, బంజేస్తా' అంటే అయిపోయేది. నాలుగు తిట్లు పడేవి. గిర్నికి రాయి కూడా తగిలేది కాదు, ఎందుకంటే నేను వాళ్ల పెద్దమ్మను.

నేను అన్నది ఇది.

"నేను వద్దన్న బిడ్డా. ఇనలే. వీళ్లకు మన బందంటే లెక్కనా?"

అన్నాక ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. అతని ఊరు చాలింది సాక్ష్యానికి. నేను వద్దన్న అని చెప్పానే, ఆ వద్దు అన్నది అతను. అతని నోట్లోని మాట గుంజుకుని అతని నెత్తినే కొట్టాను. దానికంటే 'వీళ్లు' అన్న మాట ఇంకా పెద్దది. పక్క గోడ మనిషిని, నా ఇంటి పెనం కాడకు అతుకు వేసినవాణ్ని, ఒక్క మాటతో అవతలి గట్టుకు నెట్టాను.

అతన్ని చెంప మీద కొట్టారు. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు. నేల చూశాను. రోలర్ల మిషను ఊడబీకి రోడ్డు మీద పడేశారు. షెడ్డు తెరిచి వెల్డింగ్ తీగలు కోశారు. పొద్దుగూకేలోపు ఖాళీ చేయాలన్నారు. ఎదురింటి దర్జీ బాలమణి కిటికీ రెక్క తెరిచి చూసి మూసుకుంది. స్టాండ్లు చేసిచ్చింది ఇతనే అని శ్రీశైలానికి తెలుసు, తన ఆటోలోనే మోసుకుపోయాడు కదా. అతను చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. ఓబులేసు మాత్రం ఒక్కసారి నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే ఈపాటికి నేను ఆ చూపుతో పోట్లాడి అలసిపోయేదాన్ని. అతను అర్థం కానట్టు చూశాడు.

సాయంత్రం ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించుకుని తాళం చెవి ఇవ్వడానికి వచ్చాడు. చెంప ఉబ్బి ఉంది. "కొన్ని దినాలు పోనీ తమ్మీ, మళ్ల రా" అన్నాను. ఏ మొహంతో అన్నానో. "పోతాండానక్కా" అన్నాడు. మనం వెళ్లేటప్పుడు వస్తా అంటాం. అతను రోజూ కూడా అలాగే అనేవాడు. ఆ పూట అనలేదు.

ఎందుకు చేశాను? భయం అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. భయం ఉంది, కాదనను. కానీ నిజం రాయడానికి కూర్చున్నాను కాబట్టి ఇంకొకటి రాయాలి. ఆ బార్లీ మిషను వచ్చాక జనం నా గిర్నిని ఓబులేసు గిర్ని అనడం మొదలుపెట్టారు. యాడికి పోతున్నవ్ అంటే ఓబులేసు గిర్ని కాడికి అనేవాళ్లు. మొగుడు పోయాక మగవాళ్ల మధ్య నిలబడి, పిండి దగ్గుతో ఊపిరి పాడుచేసుకుని నిలబెట్టిన గిర్ని నాది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు మండేది. పైకి నవ్వేదాన్ని, అతనితో ఒక్క రోజూ అనలేదు. అలాంటప్పుడు షట్టర్ దగ్గర ఆ మాట అంత తేలిగ్గా, అంత తయారుగా ఎట్లా వచ్చింది? ముందునుంచే నాలుక మీద పెట్టుకుని ఉన్నానా? ఉన్నాననే అనుకుంటున్నాను. భయపడ్డవాళ్లు తడబడతారు. నేను తడబడలేదు.

రాజేందర్ సారు కొన్ని రోజులకు వచ్చి, వదిలేసిన సంచి తీసుకుపోతూ "పాపం ఓబులేసు, మంచోడు పెద్దమ్మా" అన్నాడు. అంతే. అతను వెనక తలుపు నుంచి ఎందుకు పోయాడని నేను అడగలేదు, నేనేం అన్నానో అతను అడగలేదు. తర్వాత విదేశం నుంచి తయారైన మిషను తెప్పించుకున్నాడని విన్నాను. రాష్ట్రం వచ్చిన నాడు గల్లీలో స్టేజీ వేశారు. మహేశ్ నన్ను పిలిచి శాలువా కప్పి, బంద్ రోజు మిషను తిప్పినోడికి బుద్ధి చెప్పించిన పెద్దమ్మ అని మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలో కూర్చున్నాను. లేవలేదు.

ఆ తర్వాత ఒకసారి చుట్టాల ఇంటికి ప్రగతి నగర్ పోతే కూరగాయల బండి దగ్గర లక్ష్మీదేవి కనబడింది. నేను మొహం తిప్పుకునేలోపే చెయ్యి పట్టుకుంది.

"అక్కా, బాగుండావా? ఆ పొద్దు నువ్వు అడ్డం పడకపోతే ఇంకా కొట్టేటోళ్లని మా ఆయన ఎప్పుడూ చెప్తాంటాడు. ఇప్పుడు కోకాపేట బిల్డింగుల్లో రెయిలింగు పనికి పోతాండాడు. ఒకరి కిందనే. సొంత షాపు మళ్లీ పెట్టలేకపోయినాడక్కా."

అతను భార్యకు అలా చెప్పాడు. ఎందుకు చెప్పాడు? నన్ను కాపాడటానికా? లేక అక్క అనుకున్న మనిషి ఇలా చేసిందని ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడా? ఏదైనా సరే, కాదు చెల్లీ అని నేను అనాలి. టమాటాల బండి పక్కన నిలబడి నేను తల ఊపాను. అవును అన్నట్టు ఊపాను. మొదటి అబద్ధం తొందరలో వచ్చిందని ఎవరైనా అనవచ్చు. ఈ రెండోదానికి ఏం చెబుతారు?

కోకాపేట దూరం కాదు. బస్సు ఉంది, ఆటో ఉంది, నా కాళ్లూ ఇంకా ఆడుతున్నాయి. పోలేదు. పోతానని కూడా ఇక్కడ రాయను, ఎందుకంటే పోతానో లేదో నాకే నమ్మకం లేదు, ఇంకో అబద్ధం ఎందుకు. మీరు క్షమించాలని కూడా అడగను, మీది కాని చెంప మీద పడ్డ దెబ్బకు మీరేం క్షమిస్తారు. నా సొంత చేతిరాతతో, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, జరిగింది జరిగినట్టు పెట్టాను. ఛాతీలో కొంచెం గాలి ఆడుతోంది. అంతకుమించి ఏమీ లేదు.

ఆ మంగళవారం గిర్ని దగ్గర ఉన్నవాళ్లు వీళ్లు. మహేశ్, నా మాట నమ్మాడు. శ్రీశైలం, నమ్మకపోయినా నిలబడ్డాడు. వాళ్ల వెంట వచ్చిన పిల్లలు, పేర్లు నాకు తెలియవు. కిటికీలో బాలమణి. వెనక తలుపు దగ్గర రాజేందర్ సారు. స్విచ్ పక్కన ఓబులేసు. షట్టర్ పట్టుకుని నేను.