లచ్చుమవ్వ తడిపిన కుండ

1957 వేసవి. అప్పుడు నేను అనంతపురంలో టీకాలు వేసే ఉద్యోగిని. పల్లెల్లో మమ్మల్ని ‘టీకాల సారూ’ అని మర్యాదగా పిలిచేవాళ్లు. మేము కనబడగానే పిల్లల్ని గాదె వెనక దాచేవాళ్లూ వాళ్లే. నా చేతి సంచిలో ఒక రిజిస్టరు, స్పిరిట్ సీసా, రోటరీ లాన్సెట్ ఉండేవి. లాన్సెట్ అంటే సన్నని ముళ్లున్న చిన్న బిళ్ల. చర్మం మీద ఆనించి తిప్పితే గీరుకుపోతుంది. ఆ గీరుడు మీద ఒక చుక్క లింఫ్ రుద్దితే మశూచికి టీకా వేసినట్టు.

లింఫ్ అంటే దూడ చర్మం మీద పెంచి తీసిన మందు. సన్నని గాజు గొట్టాల్లో వచ్చేది, ఒక్కో గొట్టం నలుగురికి సరిపోయేది. అది ప్రాణమున్న మందు. చల్లగా ఉంచితే బతుకుతుంది, వేడి తగిలితే చస్తుంది. చచ్చిన సంగతి చూస్తే తెలియదు. రంగు మారదు, వాసన రాదు. టీకా వేసిన చోట నాలుగైదు రోజులకు పొక్కు లేస్తే మందు బతికున్నట్టు. దాన్ని మేము ‘టేక్’ అనేవాళ్లం. పొక్కు లేవకపోతే ఉత్త నీళ్లు రుద్ది వచ్చినట్టే.

అనంతపురం ఎండల్లో చల్లదనాన్ని మోసుకుని తిరగడమే నా పని అంటే మా ఆవిడ నవ్వేది. మే నెల మధ్యాహ్నం నడుస్తుంటే దూరంగా చెరువు మెరిసేది. దగ్గరికి పోతే ఎర్రమట్టి, గుండ్లు, ఎండిన తంగేడు. ఇంకాస్త దూరంలో మళ్లీ అదే చెరువు. అట్లా ఎండమావుల వెంట నడిచి నడిచి మెలకువకూ కలకూ మధ్య గట్టు ఎక్కడుందో నాకు సరిగ్గా తెలిసేది కాదు.

ఆ ఏడాది కదిరి వైపు ఒక గొర్రెల కాపర్ల పల్లెలో ఒక పిల్లవాడికి అమ్మవారు పోసిందని కబురొచ్చింది. మశూచిని అక్కడ అలాగే అంటారు. ఆస్పత్రిలో కిరసనాయిలుతో నడిచే ఐసుపెట్టెలో ఆరు గొట్టాలే మిగిలాయి. వాటిని మూత చుట్టూ మైనం పూసిన రేకు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఐసు ముక్కల మధ్య థర్మాస్ ఫ్లాస్కులో దించుకుని ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కాను.

సగం దారిలో బస్సు ఒక గుంతలో పడి లేచింది. నా ఒళ్లోని ఫ్లాస్కు కింద పడి లోపల గలగలమంది. తెరిచి చూస్తే గాజు పెంకులూ ఐసూ కలిసిపోయాయి. డబ్బా మాత్రం బాగుంది. డ్రైవరు ఖాసింసాబ్ నాకు ఎప్పటి నుంచో తెలిసినవాడు. బస్సు ఆపి వెనక్కి తిరిగాడు.

“ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు?”

“ఐసు గంట కూడా ఆగదన్నా. మందు చస్తాది.”

బస్సు ముందు భాగాన తాగునీళ్ల కాన్వాసు సంచి వేలాడుతుండేది. దాన్ని చూపించాడు. “అందులో యెయ్యి నీ డబ్బా. గుడ్డ తడిగుండల్ల, గాలి తగలల్ల. రెండూ ఉంటే ఎండ ఏం జేస్తాది?”

డబ్బా అందులో వేశాను. దిగేటప్పుడు ఆ సంచిని కూడా నాకే ఇచ్చేశాడు. అక్కడి నుంచి నాలుగు మైళ్లు నడక.

పల్లె మొదట్లో దారికి అడ్డంగా వేపమండలు కట్టి ఉన్నాయి. వాటి కింద ఒక ముసలామె చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఆమె పేరు లచ్చుమవ్వ. అమ్మవారు పోసింది ఆమె పెద్ద మనవడికే. తల్లి సిద్దమ్మ వాడి దగ్గర ఉంటే, ఎనిమిది నెలల మల్లిని అవ్వ పక్క వీధికి తెచ్చి గొర్రెపాలతో సాకుతోంది. బిడ్డ నుదురు ముట్టుకున్నాను. జ్వరం లేదు. కానీ అన్న పక్కలో పడుకున్న బిడ్డ. టీకా ఎంత త్వరగా పడితే అంత మంచిది, ఆలస్యమైతే పనికి రాదు. ఆ పల్లెలో ఇరవై మంది పిల్లలున్నా నేను ముందు లెక్కేసుకుంది ఆ ఒక్క బిడ్డనే.

“మంగళారం అమ్మకు వేపాకు నీళ్లు పోస్తాము. అంతవరకు ఈ ఊర్లో సూది మెరిసేది లేదు,” అంది అవ్వ.

“మంగళారానికి ఈ మందు బతకదవ్వా.”

“ఏముండాది అందులో?”

ఎండకు నాకు విసుగ్గా ఉంది. “ఆవులకొచ్చే అమ్మవారు ఉండాది,” అన్నాను. శాస్త్రం ప్రకారం మరీ అబద్ధం కాదు.

అవ్వ బిడ్డతో సహా లేచి నిలబడింది. “అమ్మవారినా ఎండలో సంచిలో ఏసుకొని తిప్పుతాండేది? సదువుకున్నోడివి, బుద్ధుండాదా నీకు?”

ఆ తర్వాత నా మాట ఎవరూ వినలేదు. కొత్త కుండ వచ్చింది. వంకలోంచి ఇసుక తెచ్చి సగం నింపారు. ఒకాయన తన భుజం మీది నల్ల కంబళి తీసి కుండకు చుట్టాడు. గాలి వచ్చే సందులో, వేపమండల నీడలో కుండను మూడు రాళ్ల మీద నిలబెట్టారు. అమ్మవారిని నిలిపిన కుండను ఘటం అంటారు, దానికి ఇంటికో చెంబు నీళ్లు పోయడం ఆ పల్లె ఆనవాయితీ. ఆ నీళ్లు ఎక్కడివో నేను చూశాను. ఎండిన వంకలో చెలమ తవ్వి, ఊట కోసం పొద్దంతా కాచుకుని, ఇంటికి ఒక కడవ తెచ్చుకునేవాళ్లు. ఆ కడవలోంచే మూడు పూటలా ఇంటికో చెంబు కంబళి మీద పడింది.

ఇక్కడ నా తెలివి చెప్పాలి. ఆరు గొట్టాలనూ ఒక ముసలమ్మ భక్తి మీద వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ పల్లెలో ధాన్యం దాచే పాతర ఉంది, నేలలోకి నిలువెత్తు తవ్విన గొయ్యి. కరువుకు దాదాపు ఖాళీ అయిపోయింది, అడుగున కాసిని జొన్నలున్నాయి. భూమి లోపల చల్లగా ఉంటుందని చదువుకున్నవాణ్ణి. మూడు గొట్టాలు కుండలో ఉంచి, మూడు ఒక సీసాలో పెట్టి తాడు కట్టి పాతరలోకి దించి పైన బండ మూయించాను.

“పాతరలో గాలాడదు నాయనా,” అంది లచ్చుమవ్వ. “గాలాడని చోట చల్లదనం యాడిది?”

పొద్దున ఖాసింసాబ్ చెప్పిందీ అదే. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. బండ తీయనివ్వలేదు.

ఆ రెండు రోజులు ఇప్పటికీ నాకు కలలాగే ఉంటాయి. కుండ పక్కన చాప వేసుకుని పడుకునేవాణ్ణి. వడగాలి వచ్చి తడి కంబళిని తాకి, నా దగ్గరికి వచ్చేసరికి పిల్లగాలి అయిపోయేది. ఉన్ని వాసన, వేపాకు వాసన, దూరంగా గొర్రెల మెడల్లో గంటలు. నేను ఎన్నడూ చూడని మంచుకొండలు రెప్పల కింద తెల్లగా లేచేవి. ఎవరో చెంబుతో నీళ్లు పోస్తే కొండలు కరిగి, కళ్లు తెరిస్తే ఒక ఆడమనిషి చేతులు జోడించి నిలబడి ఉండేది. ఆమె వెళ్లాక మళ్లీ కొండలు. మధ్యమధ్య మల్లి నవ్వు వినబడేది. ఆ నవ్వు వింటే హాయిగానూ ఉండేది, భయంగానూ ఉండేది.

మంగళవారం మధ్యాహ్నం పూజ అయ్యాక అవ్వ పిల్లలందరినీ వరుసగా కూర్చోబెట్టింది. అందరికంటే ముందు మల్లికి వేశాను. నాకు నమ్మకమున్న మందే ఆ బిడ్డకు పడాలని పాతర గొట్టం తీశాను. పాతర గొట్టాలు మూడూ పన్నెండు మందికి, కుండ గొట్టాలు రెండు ఎనిమిది మందికి సరిపోయాయి. ఎవరికి ఏది వేసిందీ రిజిస్టరులో రాసుకున్నాను. పెద్దవాళ్లు మాకొద్దన్నారు. కుండలో ఒక గొట్టం మిగిలింది.

“అది ఇంక పనికి రాదవ్వా, పారెయ్యి,” అని చెప్పి బయల్దేరాను.

మళ్లీ ఆదివారం టేక్ చూడటానికి పోయాను. కుండ మందు పడిన ఎనిమిది చేతుల మీదా పొక్కులు ముత్యాల్లా లేచి ఉన్నాయి. మల్లి చేయి పట్టుకుని చూశాను. ఎండిన రెండు గీతలు, అంతే. రిజిస్టరు తీసి ఒక్కొక్క పేరే చూశాను. పాతర మందు పన్నెండు మందిలో ఒక్కరికీ పట్టలేదు. గాలాడని గోతిలో అడుగు జొన్నలు ఉడుకెక్కి మందును చంపి ఉంటాయి. అనంతపురంలో ఐసుపెట్టె ఖాళీ, కొత్త లింఫ్ రావడానికి ఇంకో వారం. బిడ్డకు ఇంకా జ్వరం లేదు. అన్న ఒంటి మీద పొక్కులు ఇంకా ఎండలేదు. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

“అవ్వా, బిడ్డకేసింది పాతర మందు. తప్పు నాది.”

“తెలుసు. నువ్వు అదే ముందు తీస్తాంటే చూసినా.”

“మరి చెప్పలేదే?”

“చెప్తే ఇంటావా నువ్వు?”

అని బిడ్డను చంకనేసుకుని ముందు నడిచింది. వేపమండల కింద కుండ అక్కడే ఉంది. కంబళి తడిగా ఉంది.

“పారెయ్యమన్నా గదవ్వా?”

“అమ్మవారిని యాడ పారేసేది? ఊరోళ్లు మంగళారంతో నిలిపేసినారు. నేను పోస్తాండా.”

“నీకు నీళ్లెక్కడివి?”

“నా వంతు ఉండాయి గదా.”

అప్పుడు చూశాను ఆమె పెదవులు. చెరువు అడుగు మట్టిలా పగిలి ఉన్నాయి.

ఐసు లేకుండా వారం గడిచిన గొట్టం. పట్టకపోవచ్చని చెప్పాను. అవ్వ మల్లి చేయి నా ముందు పెట్టింది. మల్లికీ, ఆ వీధిలోనే పాతర మందు పడిన మరో ముగ్గురు పసివాళ్లకూ వేశాను. ఈసారి ఆ పల్లె వదిలి పోలేదు. అవ్వ కుండ మీద నీళ్లు పోస్తూనే ఉంది. లోపల ఏమీ లేదని చెప్తే, “బిడ్డ చేతి మీద కనపడేదాకా ఈడనే ఉంటాది,” అంది.

శుక్రవారం పొద్దున్నే సిద్దమ్మ దూరం నుంచే పిలిచి నన్ను లేపింది. దాదాపు రెండు వారాలుగా దూరం నుంచే చూసుకుంటున్న బిడ్డను ఆమె ఇంకా తాకలేదు, వేలు మాత్రం చూపించింది. మల్లి చేతి మీద ఎర్రగా, గుండ్రంగా, కందిగింజంత పొక్కు. అన్న కోలుకున్నాడు. మల్లికి అమ్మవారు పోయలేదు. మిగిలిన పిల్లలకు కొత్త మందు రాగానే వచ్చి మళ్లీ వేశాను.

ఆ శుక్రవారం లచ్చుమవ్వ పొక్కును దగ్గరగా చూసి, చేతిలోని చెంబును ఒకసారి కుండ వైపు, ఒకసారి నా వైపు తిప్పింది.

“ఇంక దీనికి అక్కరలేదా సారూ?”

“అక్కరలేదవ్వా.”

అక్కడే చతికిలబడి చెంబెత్తి గటగటా తాగింది. చుక్క కూడా కింద పడనివ్వలేదు.

తర్వాతి ఏళ్లలో వేడికి ఓర్చుకునే పొడి మందు వచ్చింది, నా పని తేలికయింది. అయినా రిటైరయ్యే వరకు ఏ పల్లెకు పోయినా సంచి దించకముందే అక్కడి ముసలమ్మను రెండు మాటలు అడిగేవాణ్ణి. మీ ఊళ్లో చల్లగా ఉండే చోటు ఏది, అక్కడ పోసే నీళ్లు ఎవరి వంతువి అని.