ఈల్ కరిచిన చెయ్యి

తార్నాకలో మా ఇంటి ముందుగదిలో, టీవీ ఉండాల్సిన చోట ఉప్పునీళ్ల అక్వేరియం ఉండేది. అందులో ఒక ఈల్. కోస్తాలో మలుగుపాము అంటారు గానీ అది పాము కాదు, చేపే. విశాఖ రేవులో వలకు చిక్కిన చిటికెనవేలంత పిల్లను మా మేనమామ డబ్బాలో నీళ్లు పోసి, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి నాకిచ్చాడు. అప్పుడు నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేరాను. పీహెచ్‌డీకి వచ్చేసరికి అది నా చెయ్యంత పొడుగు, మణికట్టంత లావు అయింది. గోధుమరంగు ఒంటి మీద పసుప్పచ్చ చుక్కలు. రాళ్ల సందులోంచి తల ఒక్కటే బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉండేది. చూసేవాళ్లకు బెదిరిస్తున్నట్టు ఉంటుంది. నిజానికి అది ఊపిరి తీసుకునే తీరే అంత.

సాధుజీవి అని మాత్రం చెప్పను. తోడుగా ఉంటుందని ఒక చేపను వేస్తే తెల్లారేసరికి దాని తలకాయ మాత్రం మిగిలింది. రాంనగర్ మార్కెట్ నుంచి తెచ్చిన రొయ్యల్ని పొడవాటి పటకారుతో అందించేదాన్ని. పటకారు కొస నిండా పళ్ల గాట్లే. అమ్మ ఆ మూల ఊడ్చేటప్పుడు చీపురు బారుగా చాపి, తను మాత్రం గుమ్మం దగ్గరే నిలబడేది. కానీ నేను అద్దం ముందు నిలబడితే అది సగం ఒళ్లు బయటికి తెచ్చి, నేనెటు నడిస్తే అటు తల తిప్పేది. ఎవరేమన్నా నాకు అది చాలు.

ల్యాబులో నా పక్క బల్ల మీద పనిచేసే స్కాలర్‌ది పాలమూరు వైపు పల్లె. హాస్టల్లో ఉండేవాడు, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో పీకల్దాకా మునిగి ఉన్నాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. మావాళ్లు కోస్తా నుంచి వచ్చినవాళ్లు, నేను పుట్టి పెరిగింది తార్నాకలోనే. ఆ విషయం మీద మేమిద్దరం గట్టిగా వాదించుకుని, మాటలు మానేసి, మైక్రోస్కోపుల్లో తలలు దూర్చి కూర్చున్న రోజులున్నాయి. అయినా ఆదివారం రొయ్యలు పట్టుకుని వచ్చేవాడు. "ఆంధ్రా నుంచి వచ్చినోళ్లల్ల నోరు తెరిచినా మాట్లాడనిది ఇదొక్కటే అక్కా" అనేవాడు అద్దం ముందు గొంతుక్కూర్చుని. అమ్మ లోపల్నుంచి విని నవ్వాపుకునేది.

మా వీధికీ యూనివర్సిటీ క్యాంపస్‌కీ మధ్య ఒక గోడే అడ్డం. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర పోలీసులు ర్యాలీని ఆపారు. రాళ్లు పడుతున్న చప్పుడు, బూట్ల పరుగులు, ఆ వెనకే టియర్ గ్యాస్ పేలుళ్లు. ఒక గుండు గోడ దాటి మా గన్నేరు చెట్టు కింద పడి పొగ కక్కింది. నేనూ అమ్మా కిటికీలు మూసి, తడి తువ్వాళ్లు మొహాలకు కప్పుకుని వంటింట్లో కూలబడ్డాం. కళ్లల్లో కారం పోసినట్టుంది. అమ్మ వాంతి చేసుకుంది.

అప్పుడు ముందుగదిలో దబదబ బాదుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో తలుపు విరగ్గొడుతున్నారనుకుని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. తలుపు కాదు, అక్వేరియం మూత. ఈల్ ఎందుకలా కొట్టుకుంటోందో ఒక్క క్షణంలో అర్థమైంది. గదిలో గాలిని పీల్చి నీళ్లలోకి తోసే పంపు ఆడుతూనే ఉంది. మాకు తువ్వాళ్లున్నాయి. దానికి ఆ విషాన్ని నేరుగా నీళ్లలోకే ఎక్కిస్తోంది ఆ పంపు. పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. అప్పటికే అది అద్దానికీ మూతకూ తల బాదుకుంటోంది. ఒళ్లంతా మెలిపెట్టి పైకి లేచి, మూత అంచుకు కొట్టుకుని, మళ్లీ పడి, మళ్లీ లేచింది. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. కుదుటపడ్డాక చూస్తే కింది దవడ ఒక పక్కన చీలి వేలాడుతోంది.

దెబ్బ తగిలినచోట తెల్లగా బూజులాంటిది పట్టింది. తర్వాత అది పుండయింది. నీళ్లు మార్చాలంటే సముద్రపు నీటిలా కలిపే ఉప్పు కావాలి. బంద్‌ల వల్ల పార్సిళ్లు రావడం లేదు. ఉన్న కాస్త ఉప్పుతో కొంచెం కొంచెం మార్చాను. పటకారు చూస్తే బయటికొచ్చేది, రొయ్యను వాసన చూసేది, నోరు మూయలేక వదిలేసేది. ఇంజెక్షన్ ఒక్కటే దారి అని మా గైడ్ ఫోనులో చెప్పి, మోతాదు కూడా చెప్పారు. మూసిన షాపుల వెనక తలుపులు తట్టి మందు సంపాదించుకొచ్చింది మా స్కాలరే.

"నువ్వు సూది ఎయ్యక్కా. దాన్ని నేను పట్టుకుంట" అన్నాడు.

గ్లవుజులు వేసుకుని, పైన తడి తువ్వాలు చుట్టుకుని దాన్ని పైకి తీశాడు. నేను వీపులో సూది దించాను. మందు లోపలికి పోతుండగా అది తువ్వాల్లోంచి వెనక్కి జారి, తల తిప్పి అతని కుడి అరచెయ్యి అంచును పట్టుకుంది. చీలిన దవడతోనే. ఈ జాతికి గొంతులో ఇంకో జత దవడలుంటాయి. ముందువి పట్టుకుంటే వెనకవి లోపలికి లాగుతాయి. ఇన్నేళ్లు పుస్తకాల్లో చదివిన ఆ సంగతి అతని చేతి మీద చూశాను. అతను అరవలేదు. పళ్లు బిగబట్టి, చేతిని ఈల్‌తో సహా నీళ్లలో ముంచి, అది వదిలేదాకా అలాగే నిలబడ్డాడు. చెమట గడ్డం మీంచి నీళ్లలోకి కారింది. వదిలేసరికి ఎముక కనిపిస్తోంది.

వీధి చివరి డాక్టరు కుట్లు వేశాడు. ఈ పూటకు ఇక్కడే పడుకోమని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. మీటింగుంది, పోవాలన్నాడు.

ఆ సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద లాఠీచార్జి జరిగింది. మర్నాడు ఆస్పత్రిలో అతనే చెప్పాడు. అందరూ పరుగెత్తుతుంటే ఇతను పడిపోయాడు. కట్టులోంచి నెత్తురు కారుతున్న చెయ్యి చూసి, రాళ్లు విసిరితే తగిలిందా అని పోలీసులు అడిగారు. ఈల్ కరిచింది సార్ అన్నాడు. తమను వెక్కిరిస్తున్నాడనుకున్నారు. ఒకడు ఆ చేతిని బూటుతో రోడ్డుకు తొక్కిపట్టాడు, ఇంకొకడు దాని మీదే కొట్టాడు. కుట్లు తెగిపోయాయి. రెండు వేళ్ల ఎముకలు చితికాయి. ఆ వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

నన్ను చూడగానే అతను అడిగిన మొదటి మాట, "తిన్నదా?"

తినలేదన్నాను.

అతను డిశ్చార్జి అయ్యేనాటికి పుండు దవడను తినేసి మొప్పల దాకా పాకింది. ఎముక తెల్లగా బయటపడింది. అయినా నేను ఎదురుగా నిలబడితే సగం ఒళ్లు బయటికి తెచ్చేది. అది నేను భరించలేకపోయాను. ఇద్దరం చూసి, దాని బాధ ముగించాలన్న నిర్ణయానికి వచ్చాం. బకెట్లో దాని నీళ్లే పోసి, చేపలకు మత్తిచ్చే లవంగ నూనె కలిపి, అందులోకి మార్చాను. మత్తులోకి జారుతుందనుకున్నాను. ముందు బకెట్ అడుగు నుంచి అంచు దాకా కొట్టుకుంది. రెండు చేతులతో మూత అదిమిపట్టాను. ఆ కుదుపులు భుజాల దాకా తెలిశాయి. తర్వాత ఒక్కొక్కటే తగ్గాయి. మూత తీయమని అతను చెప్పేదాకా నేను చేతులు తీయలేదు.

క్యాంపస్‌లో మా డిపార్టుమెంటు వెనక రేగుపొదల దగ్గర గొయ్యి తవ్వాం. అతను ఎడం చేత్తో, నేను గునపంతో. తువ్వాల్లో చుట్టి పడుకోబెట్టి మట్టి కప్పుతుండగా గస్తీ జీపు ఆగింది. ఇద్దరు దిగారు. ఏం పాతిపెడుతున్నారని చిన్న వయసు కానిస్టేబుల్ అడిగాడు. చచ్చిపోయిన చేప అన్నాను. వాడు అతని కట్టు వైపు చూశాడు.

"చేపనా? తీయండి బయటికి."

తీశాం. నేనే తువ్వాలు విప్పాను. వాడు ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ వెంటనే, భయపడ్డానని మాకు తెలిసిపోయిందన్న కోపంతో కాబోలు, లాఠీ కొసతో దాని నోట్లో పొడిచాడు. పుండు పగిలింది.

నేనెప్పుడు లేచానో నాకు తెలియదు. లాఠీని రెండు చేతులా పట్టుకుని గుంజాను. వాడు లాగాడు. నేను వదల్లేదు. వాడి ముక్కు మీద కొట్టాలని, వాడి పళ్లు రాలగొట్టాలని నా ఒళ్లంతా అనుకుంది. నేను అంతకుముందు ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగను. లాఠీ నా అరచేతుల్లోంచి తోలు ఊడదీసుకుంటూ జారింది. వాడు దాన్ని పైకెత్తాడు. మా స్కాలర్ కట్టు కట్టిన చేతిని నా తలకు అడ్డం పెట్టాడు.

జీపు దగ్గరున్న పెద్దాయన అక్కణ్నుంచే అన్నాడు. "పోనియ్యరా. చచ్చిన చేప గది."

జీపు వెళ్లిపోయాక నేను దాన్ని మళ్లీ తువ్వాల్లో చుట్టి గోతిలో పడుకోబెట్టాను. అతను మట్టి కప్పాడు, కుక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చాడు. నా అరచేతులు చూసి, జేబురుమాలు ఒక కొస పంటితో పట్టుకుని, ఎడం చేత్తో లాగి కట్టాడు.

"ఇంకొంచెమైతే సచ్చెటోళ్లం గదక్కా, ఇద్దరం" అన్నాడు.

గేటు వైపు నుంచి నినాదాలు మొదలయ్యాయి. నన్ను మా వీధి మలుపు దాకా దిగబెట్టి అతను అటు వెళ్లాడు. నేను ఇంటికి వచ్చి, మగ్గుతో అక్వేరియం నీళ్లు తోడి పెరట్లో పారబొయ్యడం మొదలుపెట్టాను.