పదకొండు మందికి పంపిన మాట

పాలలో విషం కలుపుతున్నారన్న వార్త నాకు మొదట తెచ్చింది మా మరిది. తెలంగాణ కోసం సిద్దిపేటలో బంద్ మీద బంద్ జరుగుతున్న రోజులవి. దుకాణాలన్నీ మూసినా ఫోన్లు మాత్రం తెరిచే ఉండేవి.

"వదినా, ఉద్యమాన్ని దెబ్బతియ్యనీకి బయటి పాలల్ల విషం కలుపుతున్నరట. గిదో, మెసేజ్. పదకొండు మందికి పంపాల్నట."

"ఎవలు కలుపుతున్నరు?"

"గది రాయలే."

రాయకపోయినా నమ్మాను. నేను బడికి పోలేదు, బాపు ఇంట్లోనే పురాణం ముందుపెట్టి చదువు నేర్పాడు. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇల్లు మాది. అక్షరం అబద్ధమాడుతుందని అక్కడెవరూ చెప్పలేదు. పైగా ఒకప్పుడు దేవుడి పేరున వచ్చిన పోస్టుకార్డు చూసి పదకొండు కార్డులు చేత్తో రాసి పంపినదాన్ని. ఫోన్‌లోనైతే వేళ్ళు కూడా నొయ్యవు. ఆ సుఖానికీ దండం పెట్టుకున్నాను.

మెసేజ్‌లో 'బయటి పాలు' అని మాత్రమే ఉంది. రాసేదేదో తేటగా రాయమనేవాడు బాపు. మా వాడకు బయటి పాలంటే చంద్లాపూర్ నుంచి ఒకామె తెచ్చేవే. అందుకని 'చంద్లాపూర్ పాలు' అని సరిదిద్ది పంపాను. వాడను కాపాడిన తృప్తితో పూజకు కూర్చున్నాను.

మర్నాడు బస్సుల్లేక, ఎక్కడిదాకానో ఆటోలో వచ్చి, మిగతా దూరం నడిచి వచ్చిందామె. ఏ ఇంటి గిన్నే బయటికి రాలేదు. మా గడపలో క్యాన్ దించింది.

"అక్కా, నా పాలల్ల విషమున్నదట. ఎవలు తాగి పడ్డరో చెప్పు, పోయి కాళ్ళు మొక్కుత. ఏ దవాఖాన్ల ఉన్నరు?"

"మెసేజ్ వచ్చింది చెల్లె."

"మెసేజ్ తాగిందా అక్కా పాలు? రెండు బర్ల మీద బతుకుతున్నం. గీ వాడ పోతే ఒకదాన్ని అమ్ముకోవాలె."

మరిదిని అడిగాను. అతనికి స్నేహితుడు పంపాడట, ఆ స్నేహితుడికి ఇంకొకరట. తాగి పడ్డ మనిషిని చూసినవారు లేరు. 'చంద్లాపూర్' అన్న మాట ఎక్కడ పుట్టిందో మాత్రం వెతకనక్కర్లేకపోయింది.

ఆ పదకొండు మందికీ 'అది తప్పు, ఆ ఊరు నేనే చేర్చాను' అని పంపాను. అందరికీ అందింది. ఒక్కరూ ఇంకొకరికి పంపలేదు.

"పదకొండు మందికి పంపుమని రాయలే కద వదినా," అన్నాడు మరిది.

జ్ఞానం ఎవరిచ్చినా తీసుకోవాలి. 'పదకొండు మందికి పంపితే శుభవార్త వింటారు' అని చేర్చి మళ్ళీ పంపాను. నిజం వెంట అబద్ధాన్ని తోడిచ్చి సాగనంపాను, దేవుడు మన్నించాలి. అది వాడంతా తిరిగింది. తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

మూడోనాడు ఆమె క్యాన్ పక్కన నడుస్తూ ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గడపలో "గా మెసేజ్ల చంద్లాపూర్ అని రాసింది నేనే" అన్నాను.

"పూజలు చేసేదానివి, గిదేం పనే?" అని ఒకావిడ నవ్వింది. నవ్వి, గిన్నె తెచ్చింది. కొన్ని ఇళ్ళు అట్లా తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. ఆ నెలలోనే ఒక బర్రె అమ్ముడుపోయింది. అయినా ఆమె మా ఇంట్లో పాలు పోయడం మానలేదు. ఆ దయకు నేను తగను.

తెలంగాణ వచ్చింది. ఇప్పుడు మా భజన గ్రూపులోనే రోజుకొక విషం, రోజుకొక అద్భుతం. పంపడానికి పదకొండు సార్లు నొక్కే పని కూడా లేదు. అలాంటిది మీ ఫోన్‌కు వచ్చినప్పుడు, బంద్ రోజున క్యాన్ మోసుకొచ్చి, పడ్డవాళ్ళెవరో చూపించమని అడిగిన ఆ చంద్లాపూర్ ఆమెను ఒక్క నిమిషం తలుచుకోండి.