మసరత్ నమ్మిన కారణం

అద్నాన్‌కు ఏమైందో చెప్పని మనిషి ప్రొద్దుటూరులో లేడు. నగలకు మెరుగు పెట్టే పనికి చక్కగా పోయివచ్చే పిల్లోడు, ఉన్నట్టుండి గోడవతల ఎవరో తనను చంపాలని మాట్లాడుకుంటున్నారంటూ మూలన కూర్చున్నాడు. అవతల ఉండేది రాజేశ్వరమ్మ. చీమను చంపడానికి కూడా ఆమెకు చేతులు రావు. "దిష్టి తగిలింది మసరతూ" అందామె. పనిచ్చిన షావుకారు సోమరితనమన్నాడు. ఉచిత సలహాలకు కరువా!

తల్లి మసరత్ చీరలకు ఫాల్స్ కుట్టి బతికే మనిషి. కొడుకును కడపలో డాక్టరుకు చూపించింది. మెదడులో రసాయనాల తేడా, మాత్రలు మానకూడదన్నాడాయన. "మీ వైపు ఎవరికైనా ఇలా ఉండేదా?" అని అడిగాడు. ఉండేది. జమ్మలమడుగులో మసరత్ తల్లిని పెరట్లో కట్టేసి ఉంచేవాళ్లు. ఆ మాట చెప్పలేక తల అడ్డంగా ఊపింది. పక్క గదిలో కౌన్సెలింగ్ చేసే అమ్మాయి, చిన్నప్పుడు ఇంట్లో కొట్లాటలు జరిగేవా అని అడిగింది. చనిపోయిన భర్త హుమాయున్ బెల్టు తీసిన రోజులన్నీ కళ్లముందు తిరిగాయి. అడ్డం పోకుండా వంటింట్లో నిలబడింది తనే. ఒకరి లెక్కన తన రక్తం చెడ్డది, ఇంకొకరి లెక్కన తన ఇల్లు చెడ్డది. వాళ్లు అలా అనలేదు పాపం, తల్లి మనసుకు అలా వినబడింది.

మాత్రలతో అద్నాన్ కాస్త కుదుటపడ్డాడు, కానీ పగలంతా మగతే. పులివెందుల దగ్గర తాయెత్తులు కట్టే హజ్రత్ ఉన్నాడంటే తీసుకుపోయింది.

"దారిలో జిన్ను పట్టింది. నీ తప్పేమీ లేదమ్మా" అన్నాడాయన.

రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే. ఆ ఒక్క మాటకు మసరత్ వెక్కివెక్కి ఏడ్చింది. మత్తులో ఉంటే జిన్ను నోరు విప్పదు, మాత్రలు ఆపమన్నాడు. ఆపేసింది.

కొన్నాళ్లకు అద్నాన్ ఆమె చేతులు పట్టుకున్నాడు. "అమ్మీ, మాత్రలు ఇయ్యి. ఆళ్లు మళ్లీ మాట్లాడతాండారు."

"అడుగుతాండేది నువ్వు కాదు బేటా, జిన్ను" అని మసరత్ వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆ తర్వాత గోడవతల మాటల్లో వాడికి తల్లి గొంతు కూడా వినిపించసాగింది. ఆమె వండింది ముట్టడం మానేశాడు. మసరత్ హడలిపోయి తాళం తీసింది, మాత్ర అరచేతిలో పెట్టుకుని బతిమాలింది.

"నేనడిగినప్పుడు ఇయ్యలేదే! ఇప్పుడెందుకు ఇస్తాండావు? దీంట్లో ఏం కలిపినావు?"

ఏమీ కలపలేదని చూపించడానికి ఆ మాత్ర తనే మింగింది. వాడు రెప్ప వేయకుండా ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి మసరత్ కళ్లు మూతలు పడ్డాయి, మాట ముద్దగా వచ్చింది, కూర్చున్నచోటే పక్కకు ఒరిగింది.

"విషమే!" అంటూ అద్నాన్ గోడకు అంటుకుపోయాడు. ఆనాటి నుంచి వాడు తల్లి చేతి నీళ్లు కూడా తాగలేదు.