తొమ్మిది తీగల రెండో కొస

దెయ్యాల మాట ఎవరెత్తినా "చూపించండి, కొలుద్దాం" అనేవాణ్ణి. ఇప్పటికీ అదే అంటాను. పదో తరగతితో చదువు ఆగిపోయినా లెక్కలూ వైరింగూ సొంతంగా నేర్చుకున్నాను. చేతిలో మీటరు ఉంటే నాకు ఇంకొకరి మాట అక్కర్లేదు. ఇది రాయడానికి ఇంతకాలం పట్టింది కూడా అందుకే. ఆ రోజు మీటరు నా చేతిలోనే ఉంది.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి విశాఖ వచ్చారు. నేను తొంభైల్లో ఫిషింగ్ హార్బరులో మరపడవల వైర్‌లెస్ సెట్లు, ఆ తర్వాత జీపీఎస్‌లు బాగుచేసేవాణ్ణి. 2006 వేసవిలో ఒక చిన్న ఫ్లయింగ్ స్కూలు యజమాని నన్ను పిలిపించారు. వాళ్ల నాలుగు సీట్ల విమానంలో కొత్త జీపీఎస్ నావిగేటరు బిగించారు. దానికి ట్రాన్స్‌పాండరును కలపాలి. కింద రాడారు వాళ్లు అడిగితే "నేను ఫలానా విమానాన్ని, ఇంత ఎత్తులో ఉన్నాను" అని జవాబిచ్చే పెట్టె అది.

యజమాని ముందే చెప్పారు. మధ్యాహ్నం హైదరాబాదు నుంచి లైసెన్సున్న ఇంజినీరు వస్తాడు, ఆయన స్విచ్చి వేసేసరికి రెండూ మాట్లాడుకోవాలి. లేదంటే ఇకముందు పనులన్నీ హైదరాబాదు వాళ్లకే. నాకప్పుడు నలభై మూడేళ్లు. పడవల మీంచి విమానాల పనిలోకి రావడానికి ఇంకో అవకాశం వస్తుందని నేను అనుకోలేదు.

నావిగేటరు ముందు ప్యానెల్లో ఉంటుంది. ట్రాన్స్‌పాండరు పెట్టె తోకలో, సామాన్ల గది వెనక. మధ్యలో పద్నాలుగు అడుగుల పొడవున తొమ్మిది తీగలు. వీటిని పరీక్షించడానికి ఇద్దరు కావాలి. తోకలో ఉన్నవాడు నేను చెప్పిన నంబరు తీగకు క్లిప్పు పెట్టి, రెండో క్లిప్పు విమానం బాడీకి తగిలిస్తాడు. ప్యానెల్ కింద వెల్లకిలా పడుకుని నేను నా కొసన ప్లగ్గులో అదే నంబరు కన్నంలో మీటరు పెడతాను. తీగ సరిగ్గా ఉంటే మీటరు బీప్ అంటుంది. ఒకరికొకరు కనబడరు. ఒకటి, రెండు, మూడు అని వరసగా చెబితే అవతలివాడు వినకుండానే తర్వాతి తీగ పట్టుకుంటాడు. అందుకని నంబర్లు కలగాపులగంగా ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకోవడం నా అలవాటు. ఆ రోజు చీటీలో 4, 9, 1, 6, 2, 7, 3, 8, 5 ఉన్నాయి.

నాతో పనిచేసే అప్పల్రాజు పది గంటలకు రావాలి. రాలేదు. అతని కోసం క్లిప్పుల తీగ సామాన్ల గదిలో ఉంచి నేను ప్యానెల్ కిందికి దూరాను. పదీ ముప్పై ఐదుకు సామాన్ల గది తలుపు చప్పుడైంది. తోక మీద బరువు పడి ముందు చక్రం వైపు కొంచెం పైకి లేచింది. వీపుకి తెలిసింది.

"రెడీ బావా."

అప్పల్రాజు గొంతే. నేను నాలుగు అన్నాను. "ఆఁ" అన్నాడు. బీప్. తొమ్మిది, ఒకటి, ఆరు, రెండు, అన్నీ బీప్. నంబరుకీ నంబరుకీ మధ్య మీటరు నోరెత్తలేదు. ఏడు దగ్గర మాత్రం బీప్ రాలేదు.

"ఏడు నీ కాడ ఎనిమిదో కన్నంలో పెట్టీసినావు బావా. సూడు."

ఎనిమిదో కన్నంలో మీటరు పెట్టాను. బీప్. ఎనిమిది అన్నప్పుడు ఏడులో పెట్టాను. బీప్.

తప్పు నాదే. పడవల సెట్లలో ఒకదాని పంపే తీగను రెండోదాని అందుకునే తీగకు తిరగేసి కలపాలి. ఈ తీగల కట్టలో అది ముందే తిరగేసి ఉంది. పదిహేనేళ్ల చేతి అలవాటుతో నేను మళ్లీ తిరగేశాను. అలాగే వదిలేసి ఉంటే రెండు పెట్టెలూ మాట్లాడేవే, ఏదీ వినేది కాదు. ఇంజినీరు ముందు నా పని అక్కడితో సరి.

"అయిపోయింది బావా" అన్నాడు. తోక తేలికైంది. నేను బయటికి వచ్చాను. ఎవరూ లేరు. సామాన్ల గది తలుపు తెరిచి ఉంది. క్లిప్పు ఐదో తీగకు పట్టుకుని ఉంది. చివర నేను చెప్పింది ఐదే.

విమానం ఉన్న ఎయిర్‌పోర్టు హ్యాంగరు షెడ్డుకు ఒకటే తలుపు. దాని దగ్గర స్టూలు వేసుకుని వాచ్‌మన్ డేవిడ్ గారు కూర్చున్నారు. అప్పల్రాజు ఎటు వెళ్లాడని అడిగాను.

"ఆడెక్కడొచ్చాడు? నువ్వొక్కడివే నంబర్లు అరుత్తన్నావు. ఎండకి నీకేటైనా అయిందేటోనని సూద్దామనుకున్నాను."

"బీప్ వినబడిందా?"

"ఇనబడింది. నంబరు, బీపు. నంబరు, బీపు. ఇంకేటీ లేదు."

పదకొండూ ఇరవైకి అప్పల్రాజు చెమటలు కక్కుతూ దిగాడు.

"కంచరపాలెం గేటు ఏసీసినారు బావా. గూడ్సు బండి నడిమిన ఆగిపోనాది. తిడితే తిట్టు గానీ ముందు మంచినీల్లియ్యి."

జరిగింది చెప్పాను. పగలబడి నవ్వాడు.

"నాను రాకముందే నా పని నానే సేసీసినానా? ఇంకేటి మరి, ఇంటికెల్లిపోతాను."

నా ముఖం చూసి నవ్వు ఆపాడు. తీగ తిరగబడిందని తన గొంతే చెప్పిందంటే మాత్రం ఒప్పుకోలేదు.

"నాకేటి తెలుసు బావా నీ ఏడూ ఎనిమిదీ? నువ్వు సెప్పిన కాడ క్లిప్పెట్టడవే గదా నా పని!"

ఎయిర్‌పోర్టు గేటు దగ్గర రిజిస్టరులో రాయకుండా లోపలికి ఎవరినీ వదలరు. ఇద్దరం వెళ్లి చూశాం. అతని పేరు ఒక్కసారే ఉంది. పదకొండూ పద్నాలుగు. పక్కన అతని సంతకం.

ఇంకో చిక్కు మిగిలింది. పరీక్ష కాగితంలో తొమ్మిది తీగలకూ టిక్కులు పెట్టాక కింద రెండు గడులుంటాయి. మీటరు పట్టినవాడి పేరు ఒకదాంట్లో, రెండో కొస పట్టినవాడి పేరు ఇంకోదాంట్లో. ఇంజినీరు విమానం దిగడానికి గంట కూడా లేదు.

"నా పేరు రాసీ బావా. ఎవులు సూడొచ్చినారు? పనైతే అయిపోనాది గదా" అన్నాడు అప్పల్రాజు.

రాయలేదు. ఎవరు చేశారో తెలియని పరీక్షను పరీక్ష అనలేను. ఏడు, ఎనిమిది మార్చి, కొత్త కాగితం తీసి, మొదటి నుంచీ మొదలుపెట్టాం. తోక బరువెక్కింది. "రెడీ బావా" అన్నాడు. ఒకసారి బయటికి వచ్చి తోకలో ఉన్నది అతనేనని చూసి, మళ్లీ దూరి నాలుగు అన్నాను.

తొమ్మిదీ పలికాయి. ఇంజినీరు వచ్చి స్విచ్చి వేశాడు. నావిగేటరు తెర మీద ట్రాన్స్‌పాండరు కోడు వెంటనే వెలిగింది. ఆయన రెండు పేర్లూ చదివి సంతకం పెట్టాడు. ఆ తర్వాత పదకొండేళ్లు నేను అదే పని చేశాను.

తర్వాత లెక్క వేసి చూశాను. తీగలు ఎక్కడో బాడీకి తగులుతున్నాయనుకుంటే మీటరు మధ్యలో మౌనంగా ఉండకూడదు. ఎవరో ఆటపట్టించారనుకుంటే డేవిడ్ గారి కళ్లెదుట నుంచే పోవాలి. ఎండకు నా బుర్ర తిరిగిందంటే, మరి ఆయన విన్న బీపులు? నా జేబులో ఉన్న వరసలోనే తొమ్మిది తీగలూ ఊరికే పలకడానికి ఉన్న అవకాశం మూడు లక్షల అరవై రెండు వేల ఎనిమిది వందల ఎనభైలో ఒకటి. క్లిప్పు పెట్టే చెయ్యి ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ లెక్క చెప్పదు.

మొదటి కాగితం పారేయలేదు. తొమ్మిది టిక్కులు, నా పేరు, పదీ ముప్పై ఐదు. ఖాళీ గడి కనబడితే అడ్డగీత కొట్టేయడం నా పద్ధతి. రెండో గడిలో ఎవరూ లేరని గీత కొడితే నా టిక్కులు అబద్ధమవుతాయి. అప్పల్రాజు పేరు రాస్తే గేటు రిజిస్టరు అబద్ధమవుతుంది. ఇన్నేళ్లలో నేను నింపకుండా వదిలేసిన గడి అదొక్కటే.