నేను చెప్పని గది

ఇంట్లో పిల్లలకు దిష్టి తీస్తుంటే కూడా నవ్వేవాణ్ణి నేను. మదనపల్లెలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, ఎంత దూరం నుంచి చూశావు, ఎంత వెలుగుంది అని అడిగి నోరు మూయించేవాణ్ణి. అది నాకొక సరదా.

మేం ముగ్గురం ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఆట ఆడేవాళ్ళం. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉండే ఇంగ్లీషు పాచికల ఆట. కొత్త ఎడిషన్లు చాలా వచ్చాయి గానీ మా దగ్గర ఉన్నది తొలి రోజుల పుస్తకాల జిరాక్సు, స్పైరల్ బైండింగు చేయించింది. ఆట నడిపేది నేను. ఒక నేలమాళిగను ఊహించి, పటం గీసి, ఫైలులో దాచుకుంటాను. మిగతా ఇద్దరూ అందులోకి దిగిన వీరులన్నమాట. ఇరవై అడుగులు పోతే ఎడమకు మలుపు అని నేను నోటితో చెబుతాను. వాళ్ళు విని గళ్ళ కాగితం మీద పటం గీసుకోవాలి. పాత ఎడిషన్లో అసలు కష్టం అదే. పటం తప్పితే బయటికి దారి దొరకదు.

పటం గీసేది రెడ్డెప్ప. పుంగనూరు మనిషి, అక్కడే సర్వేయరు. పొలాల దగ్గర అలవాటే ఇక్కడా. ముందు పెన్సిలు. నేను చెప్పింది మళ్ళీ అడిగి ఖాయం చేసుకున్నాకే ఇంకు. కొలవని గీతకు ఇంకు పెట్టడమంటే దొంగసాక్ష్యం చెప్పడమే అనేవాడు. మూడోవాడు శ్రీను. అతనికి టమోటా మండీ ఉంది, ఆ మండీ మీది గదిలోనే మా ఆట.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం టీ చెప్పడానికి కిందికి వెళ్ళి వచ్చాను. ఫైలు నా కుర్చీలోనే వదిలి వెళ్ళాను. తిరిగొచ్చి కూర్చుంటూ రెడ్డెప్ప కాగితం చూస్తే, వాళ్ళింకా అడుగు పెట్టని గది ఒకటి గీసి ఉంది. ఎనిమిది మూలలు, నడుమ బావి, బావిలోకి ఏడు మెట్లు. అదీ ఇంకుతో.

నాకు ఒళ్ళు మండింది. నేను లేనప్పుడు ఫైలు చూశావు కదా అన్నాను.

"నువ్వు సెప్పినావు గదప్పా. సెప్పినాకనే ఇంకు పెట్టినా," అన్నాడు రెడ్డెప్ప.

శ్రీనును అడిగితే తనకేమీ వినబడలేదన్నాడు. దాంతో నేను ఇంకా రెచ్చిపోయాను. రైతుల పొలాలు కూడా ఇట్లాగే కూర్చున్నచోటే కాపీ కొడతావా అనేశాను. రెడ్డెప్ప పెన్నుకు మూత పెట్టి, గళ్ళ పుస్తకం సంచిలో వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. ఆ గది ఉండాల్సిన చోట ఏమీ లేదు. అప్పుడు గుర్తొచ్చింది, దాన్ని నేనింకా గీయనే లేదు. ఆ పొద్దున స్నానం చేస్తూ అనుకున్నాను, అంతే. ఎవరికీ చెప్పలేదు. రెడ్డెప్ప ఫైలు చూసినా అతనికి కనబడేది ఖాళీ గళ్ళే.

భయం కంటే ముందు సిగ్గేసింది. ఫోను చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేశాను. నా తప్పు ఒప్పుకుంటే, జరిగింది కూడా ఒప్పుకోవాలి కదా. ఫిజిక్స్ లెక్చరర్ని నేను. రేపు చేద్దాంలే అనుకున్నాను. ఈలోగా శ్రీను మండీలో నలుగురికీ చెప్పి నవ్వించాడు. కాపీ సర్వేయరు అన్న పేరు పుంగనూరు దాకా పోయింది. కొన్నాళ్ళకు రెడ్డెప్ప కుప్పానికి బదిలీ చేయించుకున్నాడని తెలిసింది. అప్పుడూ నేను ఫోను చేయలేదు.

ఈ మధ్యే, కుప్పం దగ్గర ఏదో పొలం కొలుస్తూ కొలుస్తూ కుప్పకూలి చనిపోయాడట రెడ్డెప్ప. గుండెపోటు. వాళ్ళింటికి వెళ్ళే ధైర్యం కూడగట్టుకోవడానికి నాకు నెల పట్టింది.

అతని భార్య మంజుల కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"అన్నా, మా ఆయన ఆ పొద్దు నీ ఫైలు సూసినాడా? నిజం సెప్పు."

"లేదమ్మా. తప్పు నాదే. ఆ సాయంత్రమే నాకు తెలిసింది," అన్నాను.



"ఆ ఒక్క మాట ఆయనకు సెప్పింటే సాలు గదన్నా. నేను సూడలేదు, సూడలేదు అని నాకే ఎన్నితూర్లు సెప్పినాడో."

లోపలికి వెళ్ళి గళ్ళ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఎనిమిది మూలల గది తర్వాత కూడా రెడ్డెప్ప గీస్తూనే ఉన్నాడు. బావి కింద ఇంకో అంతస్తు. ఇరుకు దారి, మూడు తలుపులు, మూడోది ఇటుకలతో మూసేసి ఉంది. అది, ఆట ఆగిపోయాక పరీక్షల డ్యూటీలో ఊసుపోక నేను ఊహించుకున్న అంతస్తు. కాగితం మీద పెట్టలేదు, ఎవరితోనూ అనలేదు. అప్పటికే రెడ్డెప్ప కుప్పంలో ఉన్నాడు.

అంతా ఇంకుతోనే ఉంది.

ఇదెలా సాధ్యమో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు నటించే ఓపిక కూడా పోయింది. ఈ మూడేళ్ళలో, రెడ్డెప్పా, తప్పు నాదే అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. నేను అనుకున్న గదులన్నీ విన్న మనిషి, ఆ మాట ఎందుకు వినలేదు? దాని కోసమే ఆ పుస్తకం చివరి దాకా తిప్పాను. మిగతావన్నీ ఖాళీ గళ్ళే.